పెరట్లో యెజ్డీ

గరివిడి చుట్టుపక్కల ఏ పెరట్లోనో, ఏ పశువుల పాకలోనో నాన్న తోలిన యెజ్డీ రోడ్‌కింగ్ ఇంకా పడి ఉందా? మైసూరులో దాన్ని తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. బండి మీద మోజు మాత్రం తీరలేదు.

దుమ్ము దులిపి, పెట్రోలు పోసి కిక్కు కొట్టాలని కాలు లాగుతుంది. ఆగండి! ఏళ్లతరబడి నిలవున్న పెట్రోలు ట్యాంకులో తుప్పునీ, కార్బ్యురేటర్‌లో జిగురునీ మిగులుస్తుంది. అవి కడిగించడం తేలికే. అసలు గండం లోపల, క్రాంకుకు అటూ ఇటూ ఉండే రబ్బరు సీళ్లలో ఉంది. అవి ఎండి పగిలితే గాలి దూరుతుంది, పెట్రోలు పాలు తగ్గుతుంది. టూస్ట్రోక్ ఇంజనుకి నూనె అందేది ఆ పెట్రోలుతోనే కదా! ఊళ్లో బుద్ధిగా తిరిగిన బండి, విజయనగరం రోడ్డెక్కి జోరందుకున్నాక పిస్టన్ పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోవచ్చు. క్లచ్ పట్టుకునే వ్యవధి కూడా ఉండదు. వెనక సీట్లో ఇల్లాలో, పిల్లాడో ఉంటే? సీళ్లకయ్యేది కొంచెమే, ఇంజను విప్పే కూలే ఎక్కువ. అయినా అక్కడ పిసినారితనం వద్దు.

ఆర్సీ ఇంకా నాన్న పేరునే ఉంటే మార్పించుకోవాలి. పదిహేనేళ్ల గడువు దాటితే రెన్యువల్ కూడా తప్పదు.

అన్నీ అయ్యాక గేరు రాడ్డునే పైకి తిప్పి కిక్కు కొట్టి చూపించండి. ఈకాలం పిల్లలు కళ్లప్పగించి చూస్తారు!