మిషను ఇస్తే చాలునా?

కుట్టుమిషను ఆగిపోవడం కూడా ఒక టపాకు తగిన విషయమా అని మిత్రులు కొందరు నవ్వుకోవచ్చు. మా ఆలూరు ప్రాంతపు సంగతి తెలిస్తే నవ్వరు. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడి కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని మిరపకాయల కోతకు గుంటూరు వైపు తరలిపోతాయి. దీనిని మావాళ్ళు సుగ్గికి పోవడమంటారు. పెద్దల వెంట పిల్లలూ పోతారు, బడిలో హాజరుపట్టీ వెలవెలబోతుంది. ఇంట్లో ఒక కుట్టుమిషను ఆడుతున్నట్లయితే కనీసం తల్లి ఊళ్ళో నిలవగలదు. తల్లి నిలిస్తే బిడ్డ చదువు నిలుస్తుంది. అందుచేత ఆ మిషను ఆగడం చిన్న సంగతి కాదు.

ప్రభుత్వాలకు ఈ విషయం తెలియదని అనను. 2020లో రాష్ట్రప్రభుత్వం జగనన్న చేదోడు పేరిట దుకాణాలున్న దర్జీలకు ఏడాదికి 10,000 రూపాయలు ఇవ్వడం ప్రారంభించింది. 2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. అందులో కొద్దిరోజుల శిక్షణతోపాటు పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉన్నది. 2025లో రాష్ట్రం మళ్ళీ మహిళలకు కుట్టుశిక్షణ, ఉచితంగా మిషను అన్నది. ఇవన్నీ మంచివే. నా ఆక్షేపణ ఒక్కటే. నేను చూసిన శిక్షణలలో రవిక కత్తిరించడం నేర్పారు, లంగా కుట్టడం నేర్పారు. మిషను ఆగితే ఏమి చేయాలో మాత్రం నేర్పలేదు.

ఫలితం ఏమిటి? దసరా మూడు రోజులుందనగా మిషను మొరాయిస్తుంది. నా పూర్వవిద్యార్థిని ఒకామె అన్నట్లు, "ఏమాయనో తెల్దు సార్, నిన్నటిదాకా బాగనే ఆడింది." ఇక మిషను తలను గోనెసంచిలో కట్టి బస్సెక్కించి ఆదోనికో గుంతకల్లుకో మోయాలి. బస్సు ఖర్చు, బాగుచేసినందుకు కూలి, పోయిన రోజుల సంపాదన, మాట తప్పినందుకు చేజారిన గిరాకీ, అన్నీ కలిపి లెక్క వేయండి. తీరా అక్కడ తేలేది చాలాసార్లు పది నిమిషాల పని.

కుట్టుమిషను గూఢమైన యంత్రం కాదు. 1846లో ఇలియాస్ హోవ్ అమెరికాలో పేటెంటు పొందిన సూత్రమే నేటికీ మన ఇళ్ళలో నడుస్తున్నది. పై దారం సూదితోపాటు గుడ్డలోనుండి దిగి చిన్న ఉచ్చు అవుతుంది. షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టి బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలు పెనవేసుకొని ఒక కుట్టు పడుతుంది. ఇది అర్థమైతే పరీక్షకు ఒక వరుస దానంతటదే ఏర్పడుతుంది.

మోటారు ఉన్నదైతే ముందుగా ప్లగ్గు తీయాలి. తరువాత చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. అసలు తిరగకపోతే బలవంతం చేయరాదు. బాబిన్ కేసు, షటిల్ బయటికి తీస్తే లోపల చిక్కుకున్న దారపుపోగు కనిపిస్తుంది. పోగు లేకపోతే ఎండిన నూనె కారణం. కొబ్బరినూనె వేసేవారున్నారు, అది కొన్నాళ్ళకు జిగురై పట్టేస్తుంది. నాలుగు చుక్కల కిరోసిన్ వేసి, చేత్తో ఆడించి, బాగా తుడిచి, ఆపైన మిషను నూనె వేయాలి. చక్రం తిరుగుతూ సూది కదలకపోతే చక్రం నడుమనున్న మర వదులైనట్లు. బాబిన్‌కు దారం చుట్టినప్పుడు వదులు చేసి, తిరిగి బిగించడం మరచి ఉంటారు. కింద తొక్కుతున్నా చక్రం జారితే తోలు బెల్టు సాగినట్లు, దానిని కొంచెం కత్తిరించి కలపాలి. సూది ఆడుతున్నా కుట్టు పడకపోతే సూదిని చూడాలి. అది వంగి ఉండవచ్చు, పూర్తిగా పైకి ఎక్కకపోయి ఉండవచ్చు, తిరగబడి ఉండవచ్చు. పొడుగు గాడి ఎప్పుడూ దారం దూరే వైపుకే ఉండాలి.

మరొక ముఖ్యమైన మాట. గుడ్డ అడుగున దారం ఉండలు కట్టితే అందరూ బాబిన్‌ను నిందిస్తారు. దోషం తరచుగా పైన ఉంటుంది. ఫుట్‌ను దించి ఉంచి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్ళల నడుమకు పోదు. ఫుట్ ఎత్తి మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. తప్పు కనిపించిన చోటనే ఉండదన్న పాఠం బడిపిల్లలకైనా పెద్దలకైనా అవసరమే.

1953 అక్టోబరు 1 వరకు మా తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఆ బళ్ళారి నేడు జీన్సు కుట్టుకు పేరుపొందింది. అక్కడ పనికి కుదరాలంటే ఓవర్‌లాక్ మిషను తెలియాలి. దానికి దారాలు ఎక్కించడంలోనూ వరుస ఉన్నది. మొదట పై లూపరు, తరువాత కింది లూపరు, చివరికి సూది. కింది లూపరు దారం తెగితే సూదిదారాన్ని కూడా తీసివేసి, లూపరుకు ఎక్కించి, ఆపైన సూదికి ఎక్కించాలి. ఈ వరుస తెలియనివారికి దారం తెగుతూనే ఉంటుంది, వారు మిషను చెడిందనుకుంటారు.

అందరికీ ఈ విద్య వస్తే మెకానిక్కుల పొట్ట కొట్టినట్లు కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు. షటిల్ కొన అరిగితే, సూదికీ షటిల్‌కూ పొంతన తప్పితే, మోటారు కాలితే ఆయన దగ్గరికే పోవాలి. దారపుపోగు తీయడానికి పోనక్కరలేదు.

కనుక నా ప్రతిపాదన ఇది. శిక్షణ చివర ఒక పరీక్ష పెట్టండి. పరీక్షకుడు సూదిని తిరగేసి, చక్రపు మర వదులుచేసి, షటిల్‌లో పోగు ఇరికించి ఉంచాలి. మూడింటినీ కనిపెట్టి సరిచేసినవారికే యోగ్యతాపత్రం. మిషనుతోపాటు ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్రష్షు, నూనెసీసా, సూదుల పొట్లం, బొమ్మలతో తెలుగులో చిన్న పుస్తకం ఇవ్వండి. ఆ పుస్తకాన్ని నావంటి పండితులకు అప్పగించకండి. నిఘంటువులో సీవనమంటే కుట్టుపని. సీవనయంత్రమని అట్ట మీద వేస్తే ఆలూరులో ఎవరూ తెరవరు. బాబిన్ బాబిన్‌గానే ఉండనీయండి. పేరు తెలిస్తే ఏ భాగం ఆగిందో ఫోనులోనైనా చెప్పగలదు.

యంత్రాలను అంతగా శంకించిన గాంధీగారు 1924లో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమను తగ్గించే యంత్రమని ఆయన భావం. కానీ విప్పి చూడడానికి భయపడే యంత్రం మనిషికి లొంగినట్లు కాదు. తన మిషనును తాను విప్పి బిగించుకోగల స్త్రీకే అది సొంతమైనట్లు.

మీ ప్రాంతాలలో షటిల్‌ను, టెన్షన్ బిళ్ళలను ఏ పేర్లతో పిలుస్తారో మిత్రులు తెలియజేయ ప్రార్థన. ఆ చిన్న పుస్తకం ఎవరైనా వేయదలిస్తే పనికివస్తాయి.