నల్లగొండ రోగానికి సైటేషన్లెన్ని?

నాడీశాస్త్ర పరిశోధకుడి స్థాయిని ఇప్పుడు ఎక్కువగా ఒక అంకెతో తేల్చేస్తున్నారు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ లెక్క తేలికే. ఒకరు రాసిన వాటిలో 20 పత్రాలను ఇతర పరిశోధకులు కనీసం ఇరవయ్యేసి సార్లు ఉటంకిస్తే ఆయన సూచిక 20. జర్నళ్లకు కట్టే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయితే అంతకుముందు రెండేళ్లలో అచ్చయిన వ్యాసాలకు ఒక ఏడాదిలో వచ్చిన సైటేషన్లనే, అంటే ఉటంకింపులనే, చూస్తుంది. మెదడులోని జన్యువుల మీద ప్రపంచమంతా ఒకేసారి పనిచేస్తున్నచోట ఈ లెక్క కొంత పనికొస్తుందేమో గానీ, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు వెన్నుపాముకు చేసిన చేటును చదివిన వైద్యుల దగ్గర ఇది కొరగాదు.

ఫ్లోరోసిస్ అనగానే గారపళ్లూ వంకర కాళ్లే గుర్తొస్తాయి. నరాల వైద్యుడికి కనిపించేది వేరు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోంచి భూగర్భ జలాల్లోకి చేరే ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. వెన్నెముక స్నాయువులు గట్టిపడి, లోపలి దారి ఇరుకై, వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు బిగుసుకుంటాయి, చివరికి చచ్చుబడతాయి. దేశంలో ఈ జబ్బును 1937లో షార్ట్ బృందం నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో వర్ణించింది. నల్లగొండ జిల్లా పేరు శీర్షికలోనే పెట్టి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. హైదరాబాద్ న్యూరోసర్జన్, నిమ్స్ డైరెక్టర్‌గా చేసిన డి. రాజారెడ్డి 1979లో నాడీవైద్యుల ప్రామాణిక గ్రంథమాలలో అస్థి ఫ్లోరోసిస్ మీద అధ్యాయం రాశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2009లో, న్యూరాలజీ ఇండియాలో మళ్లీ అదే విషయం ఎత్తుకున్నారు. రోగం ముదరడానికే దశాబ్దాలు పడుతుంటే, దాని మీది పరిశోధన విలువను రెండేళ్ల గడువులో తేల్చమనడం ఏం లెక్క? సిద్దిఖీ వ్యాసాన్ని అర్ధ శతాబ్దం దాటాక కూడా ఉటంకిస్తున్నారు. పోనీ, హెచ్-ఇండెక్స్‌కు గడువు లేదంటారా? దానికి ఒక జీవితకాలపు అనుభవం నింపిన అధ్యాయమూ ఒక్కటే, ఒకే పనిని కోసి ముక్కలు చేసిన పది పత్రాలు మాత్రం పదీ.

సైటేషన్ ఇచ్చేది రోగి కాదు, మరో పరిశోధకుడు. ఆ పరిశోధకులు ఎక్కువమంది ఉండే అమెరికాలో చాలాచోట్ల పళ్లు పుచ్చకుండా కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారు. అక్కడి ప్రశ్నలు వేరు, ప్రస్తావనలూ వేరు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ఊళ్ల బాధ రాసేవాళ్లు కొద్దిమందే కాబట్టి ఉటంకించేవాళ్లూ కొద్దిమందే. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందిస్తే, అది నల్లగొండ టెక్నిక్ పేరుతో ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. అక్కడి ఊళ్లో బకెట్‌లో పటిక కలిపే మనిషి ఏ జర్నల్లోనూ ఎవరినీ ఉటంకించడు.

అంకెలు వద్దంటే పైరవీలకు తలుపులు తీసినట్టే కదా అనేవాళ్ల మాట కొట్టిపారేయలేనిది. కులమూ పరిచయమూ చూసి ఇచ్చే పోస్టు కన్నా సైటేషన్ చూసి ఇచ్చేది మేలే. కానీ అంకెకూ పైరవీ నేర్పవచ్చు: తనను తాను ఉటంకించుకోవచ్చు, నలుగురు కూడబలుక్కుని ఒకరినొకరు ఉటంకించుకోవచ్చు. ఇంకో అభ్యంతరం మరింత సూటిగా ఉంటుంది: ఇన్ని పత్రాలు వచ్చినా ఏళ్ల తరబడి మంచినీళ్లు రాలేదు కదా, వాటి విలువేమిటి? నిజమే, 1996లో ఈ బాధ లోకానికి తెలియాలని నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది బరిలో దిగాల్సి వచ్చింది. బ్యాలెట్ పుస్తకమంత అయింది. అయితే నీళ్లు తేవలసింది ప్రభుత్వం. నీళ్లలో ఏముందో, అది మనిషినేం చేస్తుందో చెప్పవలసింది పరిశోధకుడు. ఆయన పని ఆయన చేశాడు.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అక్కడి ఎంపిక కమిటీలకు ఒకటే మనవి. అభ్యర్థి సూచిక అడిగే ముందు, తాను మేలైనవని అనుకుంటున్న మూడు పత్రాలు తెమ్మనండి. తెచ్చాక చదవండి.