ఫ్రీ అంటే ఏ ఫ్రీ?

మన క్యాంపస్‌లో పొద్దున లేచింది మొదలు వినపడే ఇంగ్లీషు మాటల్లో 'ఫ్రీ' ఒకటి. "సాయంత్రం ఫ్రీయేనా?" అంటే తీరిక ఉందా అని. "ఆ సీటు ఫ్రీయేనా?" అంటే ఖాళీయేనా అని. "వాడు నాతో ఫ్రీగా ఉండడు" అంటే చనువుగా, అరమరికలు లేకుండా ఉండడని. "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ" అంటే ఉచితమని. షుగర్ ఫ్రీ అంటే చక్కెర లేనిదని.

క్లాసులోకి వెళ్తే ఇంకొన్ని అర్థాలు. ఫ్రీ ఫాల్‌ని తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకం 'స్వేచ్ఛా పతనం' అంటుంది. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే వస్తువుని దాని ఆధారాల నుంచి విడదీసి, దాని మీద పనిచేసే బలాలన్నీ చూపిస్తూ గీసే బొమ్మ. అక్కడ ఫ్రీ అంటే 'విడి'. సీ లాంగ్వేజ్‌లో మెమరీని ఫ్రీ చేయడమంటే తీసుకున్న చోటుని తిరిగి ఇచ్చేయడం.

ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుంటే సుఖమే కదా అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. 'డబ్బు కట్టక్కర్లేదు' అనడానికీ, 'ఒకరి అదుపులో లేదు' అనడానికీ ఇంగ్లీషులో ఇదే మాట. ఈ చిక్కు ఇంగ్లీషువాళ్లనే ఇబ్బంది పెట్టింది. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్మన్ 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ఆయన ఉద్దేశం ధర కాదు. ప్రోగ్రాముని ఇష్టమొచ్చినట్టు వాడుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, నలుగురికీ పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం, ఈ నాలుగు హక్కులు. చాలామంది మాత్రం డబ్బుల్లేని సాఫ్ట్‌వేర్ అనే అనుకున్నారు. 1998లో 'ఓపెన్ సోర్స్' అనే ఇంకో పేరు పుట్టడానికి ఈ తికమక కూడా ఒక కారణం.

తెలుగులో ఈ గొడవ లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. హైదరాబాద్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే సంస్థ పేరే 'స్వేచ్ఛ'. తెలుగు వికీపీడియా కూడా తనని తాను స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం అని చెప్పుకుంది, ఉచిత విజ్ఞాన సర్వస్వం అనలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎవరైనా 'ఫ్రీ' అన్నప్పుడు ఆ చోట ఏ తెలుగు మాట పడుతుందో ఒకసారి పెట్టి చూడండి. విషయం తేలిపోతుంది.

2015లో ఫేస్‌బుక్ మన దేశంలో 'ఫ్రీ బేసిక్స్' అని గట్టిగా ప్రచారం చేసింది. డేటా ఖర్చు లేకుండా కొన్ని వెబ్‌సైట్లు చూడొచ్చు. ఇక్కడ 'ఉచితం' సరిగ్గా పడుతుంది. 'స్వేచ్ఛ' పడదు. ఎందుకంటే అందులోకి ఏ సైట్లు రావాలో నిబంధనలు రాసింది ఫేస్‌బుక్, చూసేవాళ్లు కాదు. చూసే సైటుని బట్టి డేటా ధర మార్చకూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ ఆదేశం ఇచ్చాక అది ఇక్కడ ఆగిపోయింది.

దీనికి తిరగేసిన కేసు 'ఫ్రీ బస్సు'. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లు డబ్బు కట్టకుండా ప్రయాణిస్తున్నారు. దీని మీద మన ఫోన్లలో తిరిగే జోకులు అందరికీ తెలిసినవే. ఆ జోకుల్లో 'ఫ్రీ' అంటే తేరగా, అప్పనంగా అని అర్థం. నేను ఆ చోట 'స్వేచ్ఛ' పెట్టి చూస్తాను. చేతిలో డబ్బు ఆడని ఒక అమ్మ, ఛార్జీ కోసం ఇంట్లో ఎవర్నీ అడక్కుండా ఆసుపత్రికో పుట్టింటికో వెళ్లి రాగలిగితే ఆ మాట తప్పెలా అవుతుంది? ఆ ఖర్చు మనందరి పన్నుల్లోంచే వస్తుంది కాబట్టి చర్చ జరగాల్సిందే. వెక్కిరింత చర్చ కాదు.

ఇక మన సంగతి. "ఆర్నెల్లు ఫ్రీగా చేయండి, ఎక్స్‌పీరియన్స్ వస్తుంది" అనే ఇంటర్న్‌షిప్ ఆఫర్లు మన వాట్సాప్ గ్రూపుల్లో కొదవ లేదు. ఫ్రీ ఎవరికి? పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తే అది శిక్షణ. మనం ఇష్టపడి ఊరి బడికో లైబ్రరీకో చేసిపెడితే అది సేవ. ఏమీ నేర్పకుండా కంపెనీ పని చేయించుకుని రూపాయి ఇవ్వకపోతే దాని దగ్గరకొచ్చే తెలుగు మాట ఒకటే, వెట్టి. వెట్టిలో బలవంతం ఉంటుంది కదా అనొచ్చు. సర్టిఫికెట్ లేకపోతే క్రెడిట్లు రావన్నప్పుడు మన ఇష్టం ఎంతవరకు ఉన్నట్టు? శిక్షణ, సేవ, వెట్టి మూడింటికీ 'ఫ్రీ' అని ఒకే ముసుగు వేస్తే, అడగాల్సిన ప్రశ్న నోటిదాకా రాదు.

ఇంగ్లీషు మాట మానేయమని నేను అనట్లేదు. 'ఫ్రీ' ఎప్పుడో మనదైపోయింది. నిజానికి పాత చుట్టమే. భాషాశాస్త్రవేత్తలు ఈ మాటనీ సంస్కృతం 'ప్రియ' శబ్దాన్నీ ఒకే మూలానికి చెందినవిగా చెప్తారు. అదే 'ప్రియం' తెలుగు బజార్లో ఖరీదైనది అనే అర్థంలోనూ చెల్లుతుంది. ఫ్రీ ఒకవైపు, ధర ప్రియం ఒకవైపు, వంశం మాత్రం ఒకటే!

మన 'ఉచితం' కూడా తక్కువేం కాదు. దానికి 'తగినది' అని ఇంకో అర్థం ఉంది. సముచితం, అనుచితం అంటాం కదా. కాబట్టి ఈసారి ఏ యాప్ అయినా, ఏ కోర్సు అయినా, ఏ ఇంటర్న్‌షిప్ అయినా ఫ్రీ అంటూ వస్తే క్లిక్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఉచితంగా వచ్చింది సరే, మనకు ఉచితమేనా?