ఫోనుకి చెప్పాం, ఇంట్లో చెప్పలేదు

మొన్న మూకుడుకి పట్టిన తుప్పు ఎలా వదిలించాలో చూద్దామని గూగుల్ తెరిచి "మూ" అని కొట్టానో లేదో, కింద వరసగా "మూత్రంలో మంట", "మూత్రం మాటిమాటికీ రావడం" అంటూ వచ్చేశాయి. పక్కనే మా అబ్బాయి ఉన్నాడని గబుక్కున ఫోను బోర్లించాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. నేనేం దొంగతనం చేశానని?

ఆ మాటలు ఫోను సొంతంగా పుట్టించినవి కావు. చాలామంది వెతికారు కాబట్టే అక్కడికొచ్చాయి. పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పని బాధ మనం ఫోనుకి చెప్పుకుంటున్నాం.

"ఆడవాళ్ళకి సిగ్గెక్కువ" అని తేల్చేస్తారు. నేనొప్పుకోను. మొదట ఇంట్లోనే చెప్పాం. ఏమన్నారు? "వేడి చేసిందిలే, బార్లీ నీళ్ళు తాగు." రెండోసారి చెబితే, "నువ్వు నీళ్ళు సరిగ్గా తాగవు." మూడోసారికి మందుల షాపు నుంచి నాలుగు మాత్రలు వచ్చాయి. నాలుగోసారి మనమే నోరు మూసుకుని ఫోను తెరిచాం.

నీళ్ళెందుకు తాగమో ఎవరైనా అడిగారా? బస్సులో ఊరెళ్ళాలంటే పొద్దున్నించీ గొంతు తడుపుకోం. మగవాళ్ళకి గోడ చాలు. మనకి తలుపూ, దానికో గొళ్ళెమూ కావాలి.

మంట రాగానే "శుభ్రంగా ఉండవు" అనేవాళ్ళు ఇది వినండి. మూత్రం బయటికొచ్చే దారి ఆడవాళ్ళకి సుమారు 4 సెంటీమీటర్లు, మగవాళ్ళకి సుమారు 20. పేగుల్లో ఉండే క్రిములకి మన మూత్రాశయం అంత దగ్గర. అందుకే ఆడవాళ్ళలో సగంమందికి జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇది మన శరీరం తీరు, మన తప్పు కాదు.

గూగుల్ ట్రెండ్స్‌లో ఏ మాట ఎప్పుడు ఎక్కువ వెతికారో ఎవరైనా చూడొచ్చు. కానీ అక్కడ కనిపించే 100 అంటే నూరుమంది రోగులని కాదు, ఆ మాట మీద ఆసక్తి అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న సమయమని. వెతికిన ప్రతివాళ్ళకీ జబ్బుండదు. జబ్బున్న ప్రతివాళ్ళూ వెతకరు.

మా అత్తయ్యగారు వెతకలేదు. ఆవిడది బటన్ల ఫోను. దగ్గినా, గట్టిగా నవ్వినా చీర తడిసేది. ఎవరికీ చెప్పకుండా పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. మేమేమో "ఈమధ్య ఎవరితోనూ కలవడం లేదు" అని ఆవిణ్ణే తప్పుపట్టాం! కాన్పుల తర్వాత కటి కండరాలు వదులైతే ఇలా జరుగుతుందనీ, వాటిని బిగించే వ్యాయామాలున్నాయనీ, డాక్టర్ కెగెల్ 1948లోనే వాటి గురించి రాశారనీ నాకు తెలిసేసరికి ఆవిడ నవ్వడం కూడా తగ్గించేశారు. ఇంట్లో కోడలినై ఉండి నేనూ అడగలేదు. ఆ తప్పు నాది.

ఫోనులో చూడొద్దని నేననను. చూసి అక్కడే ఆగిపోవద్దంటున్నాను. మూత్రపరీక్ష ఫోను చెయ్యదు. పోయినసారి మిగిలిన మాత్రలు మింగితే మంట తగ్గినట్టే ఉండి క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయి. చలిజ్వరం, నడుం పైన పక్కల నొప్పి ఉంటే అది కిడ్నీ దాకా పాకిందేమో. నొప్పి లేకుండా రక్తం కనిపించినా, కడుపుతో ఉన్నప్పుడు మంట వచ్చినా బార్లీ నీళ్ళతో కాలక్షేపం చెయ్యకూడదు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

తలనొప్పిని అందరి ముందూ చెప్పుకుంటాం. దీన్నీ అలాగే చెబుదాం, భోజనాల దగ్గరైనా సరే. ఎవరికైనా ముద్ద దిగకపోతే వాళ్ళిష్టం. ఇన్నాళ్ళూ మనకి నీళ్ళే దిగలేదు.

ఈ రాత్రి ఫోను పక్కన పెట్టి, మీ అమ్మనో అత్తగారినో ఒక్క మాట అడగండి. మా ఇంట్లో అడగడం ఆలస్యమైంది, మీ ఇంట్లో కాకూడదు.