భిలాయ్‌లో రెండు గ్యాస్ ప్రమాదాలు: మంట ఉన్నది ఒకటి, లేనిది ఒకటి

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో నాలుగేళ్ల తేడాతో రెండు పెద్ద గ్యాస్ ప్రమాదాలు జరిగాయి. 2014 జూన్ 12న పంప్ హౌస్‌లో నీటి పీడనం పడిపోయి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ లీకైంది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైప్‌లైన్ మరమ్మతు సమయంలో మంటలు లేచి పది మందికి పైగా బలయ్యారు. వారిలో అగ్నిమాపక సిబ్బందీ ఉన్నారు.

రెండింటినీ ‘గ్యాస్ ప్రమాదం’ అనే అన్నాం. కానీ మనిషిని చంపే తీరు రెండింట్లోనూ వేరు. ఆ తేడా గాలి దగ్గర ఉంది.

మంట మీది వేడి వాయువు తేలికై పైకి లేస్తుంది. దాని అంచుల్లో పుట్టే సుడులు చుట్టుపక్కల చల్లగాలిని లోపలికి లాగుతాయి. 1956లో మోర్టన్, టేలర్, టర్నర్ దీనికి సులువైన లెక్క చెప్పారు: గాలి లోపలికి వచ్చే వేగం, వాయువు పైకి లేచే వేగంలో సుమారు పదో వంతు. పొగ పైకి పోయేకొద్దీ వెడల్పై, చల్లబడేది అందుకే.

కోక్ ఓవెన్ గ్యాస్‌లో సగానికి పైగా హైడ్రోజనే. ఒక ఘనపు మీటరు పూర్తిగా కాలాలంటే సుమారు నాలుగు ఘనపు మీటర్ల గాలి కావాలి. అంత గాలి అందేదాకా మంట సాగుతుంది. ఒక పక్క గోడ అడ్డుంటే అటు నుంచి గాలి రాదు. మంట ఆ గోడకే ఒరిగి ఇంకా పొడవవుతుంది. 1987లో లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో ఎస్కలేటర్ గాడిలో ఇలాగే వాలి దూసుకెళ్లిన మంట 31 మందిని బలిగొంది. గొట్టాలు, మెట్లు కిక్కిరిసిన చోట కంటి అంచనాతో సురక్షిత దూరం నిర్ణయించడం ప్రమాదకరం.

మంట లేని లీకు ఇందుకు పూర్తిగా భిన్నం. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఐదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే. చల్లబడ్డాక దాని బరువు దాదాపు గాలంతే. పైకి లేపే వేడి లేదు కాబట్టి మనిషి ఊపిరి తీసే ఎత్తులోనే తిరుగుతుంది. రంగు లేదు, వాసన లేదు. కాపాడటానికి పరుగెత్తినవారూ అక్కడే కూలిపోవచ్చు. మిగులు గ్యాస్‌ను ఎత్తైన చిమ్నీ కొసన కాల్చేసేది ఈ భయంతోనే.

2018 ప్రమాదం తర్వాత కర్మాగారం సీఈఓను తొలగించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. బాధ్యత తేల్చడం అవసరమే, కానీ అది సగం పనే. మంట ముప్పుకు మందు పని మొదలుపెట్టే ముందే లైన్‌ను మూసి, నైట్రోజన్‌తో ఖాళీ చేయడం. లీకు ముప్పుకు మందు ప్రతి మనిషి చొక్కాకూ ఒక గ్యాస్ మీటరు, చేతికందే దూరంలో శ్వాస పరికరం. కాంట్రాక్ట్ కార్మికుడికీ అవి అందాలి. విశాఖ ఉక్కులో ప్రవహించేదీ ఇవే గ్యాసులు.