తాబేలు రక్షణ వ్యయం ఎవరి వాటా నుండి?

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ప్రతి శీతాకాలంలో గుడ్లు పెట్టడానికి మన తూర్పు తీరానికి చేరుతాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలలో వలె లక్షల సంఖ్యలో కాకపోయినా, శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలోను, కాకినాడ సమీపంలోని హోప్ ఐలాండ్‌లోను ఇవి గూళ్లు చేస్తాయి. అదే కాలంలో మరబోట్లు కూడా వేటలో ఉంటాయి. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే జీవి. ట్రాల్ వలలో చిక్కి చాలాసేపు నీటి అడుగున ఉండిపోతే ఊపిరాడక మరణిస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో కొట్టుకువచ్చిన కళేబరాలు ఈ సమస్య తీవ్రతను మరొకసారి చూపాయి. ఈ జీవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. చట్టం కొరత లేదు. సాంకేతిక పరిజ్ఞానం కొరత కూడా లేదు.

తాబేళ్ల విమోచన పరికరం, వాడుకలో ‘టెడ్’, వల మెడ భాగంలో వాలుగా అమర్చే కడ్డీల చట్రం. రొయ్యలు, చిన్న చేపలు కడ్డీల సందులగుండా వల సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, వలకు విడిచిన ద్వారం గుండా వెలుపలికి పోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన మరబోట్లకు అనువైన నమూనాను ఏనాడో రూపొందించింది. ఆ సంస్థ పరిశీలనలలో రొయ్యల నష్టం సుమారు ఒక శాతం లోపు, ఇతర చేపల నష్టం రెండు, మూడు శాతం మాత్రమే. అయినా ఈ పరికరం మన రేవులలో నిలదొక్కుకోలేదు. దీనికి మత్స్యకారుల అవగాహనా లోపమే కారణమని విస్తరణ నివేదికలలో వ్రాయడం అలవాటైపోయింది. ఆ నిర్ధారణ తప్పని నా అభిప్రాయం. సరంగు లెక్క మన లెక్క కంటె సరియైనది.

ఎట్లాగంటే, ఒక వేటలో లక్ష రూపాయల సరుకు పడిందనుకొందాం. డీజిలు, ఐసు, తిండి తదితర ఖర్చులు 75 వేలు పోగా మిగిలేది 25 వేలు. టెడ్ వలన సరుకు విలువలో 2 శాతం తగ్గితే నష్టం 2 వేలు. కాని డీజిలు ఖర్చు ఒక్క రూపాయి కూడా తగ్గదు. కాబట్టి ఆ 2 వేలు పోయేది లక్షలోనుండి కాదు, 25 వేలలోనుండి. అది 8 శాతం. చాలా బోట్లపై కళాసీల రాబడి, ఖర్చులు పోను మిగిలినదానిలో వాటాగా ముడిపడి ఉంటుంది గనుక ఈ కోత వారి ఇళ్లకు కూడా చేరుతుంది. చెత్త, కర్రలు అడ్డుపడి చట్రం మూసుకుపోయిన రోజున నష్టం ఇంకా ఎక్కువ. మనం ‘రెండు శాతమే’ అంటున్నప్పుడు వారు వింటున్నది ఎనిమిది శాతం.

రెండవ చిక్కు మరింత లోతైనది. ఎవరికీ సొంతం కాని చేపల సంపదలో లాభమంతా పోటీలో ఎలా హరించుకుపోతుందో కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ 1954లోనే వివరించాడు. ఒక బోటు వదులుకున్న చేప సముద్రంలో పొదుపుగా నిలవదు, పక్క బోటు వలలో పడుతుంది. అందువలన టెడ్‌ను ఒంటరిగా బిగించుకున్నవాడు నష్టపోవడమే గాక పొరుగువాడికి లాభం చేకూరుస్తాడు. రేవులోని బోట్లన్నీ ఒకేసారి బిగించుకుంటే తప్ప ఈ చిక్కు విడిపోదు.

అమెరికా 1989 నాటి చట్టం ద్వారా, తాబేళ్లకు రక్షణ లేకుండా పట్టిన రొయ్యల దిగుమతిని నిరోధించింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ దీనిపై ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. చట్ట లక్ష్యం సమంజసమే గాని అమలు తీరు వివక్షతో కూడినదని 1998లో తీర్పు వచ్చింది. గత దశాబ్దం చివర మన సముద్రపు రొయ్యలపై అమెరికా నిషేధం మళ్లీ పడింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చెరువులలో పెంచిన రొయ్యలకు ఈ నిషేధం వర్తించదు. ఆంధ్రప్రదేశ్ నుండి ఎగుమతి అయ్యేది ప్రధానంగా చెరువుల వనామీయే. అంటే ఆంక్ష బరువు ఎగుమతి వ్యాపారంపై కొద్దిగా, సముద్రపు వేటగాడిపై ఎక్కువగా పడుతున్నది.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉన్నది కదా అనవచ్చు. అది చేపల పునరుత్పత్తికి ఉద్దేశించినది, ఆ భృతి కూడా అందుకే. మన తీరంలో తాబేళ్ల గూళ్ల కాలం ప్రధానంగా అంతకు ముందే గడిచిపోతుంది. ఒడిశా ప్రభుత్వం ధమ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల వద్ద నవంబరు 1 నుండి మే 31 వరకు వేటను నిషేధిస్తున్నది. మన వద్ద అంత దీర్ఘమైన నిషేధం అవసరమని నేను అనుకోను. తీరం నుండి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడరాదన్న నిబంధన ఇప్పటికే ఉన్నది. తాబేళ్లు గుమికూడేది చాలావరకు ఆ పట్టీలోనే, నాటు పడవలవారి జీవనాధారమూ అక్కడే. డిసెంబరు నుండి మార్చి వరకు ఆ ఒక్క నిబంధనను గట్టిగా అమలు చేస్తే తాబేలుకు, చిన్న మత్స్యకారునికి ఒకే ఖర్చుతో రక్షణ లభిస్తుంది.

టెడ్ కొనుగోలుకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద సహాయం ఉన్నది. పరికరం ఒకసారి కొనేది, నష్టం ప్రతి వేటలోను కలిగేది. కాబట్టి సబ్సిడీని చట్రంపై గాక, గూళ్ల కాలంలో దానిని నిజంగా వాడిన రోజులపై చెల్లించాలి. రేవు మొత్తం చేరితేనే చెల్లించాలి. నిధి కొరకు ఎగుమతి విలువపై స్వల్ప సుంకం విధించడం న్యాయమే, చెరువుల రొయ్యలపై కూడా. దేశానికి మంచి పేరు వస్తే లాభపడేవారు వారే గదా!

పరిశోధక విద్యార్థులకు ఇందులో చేయదగిన పని ఉన్నది. టెడ్ ప్రదర్శనలలో ఇంతవరకు కిలోలు తూచాము. ఇకమీదట ఒకే రేవులో టెడ్ ఉన్న, లేని బోట్ల డీజిలు చీటీలు, అమ్మకపు పట్టీలు, కళాసీల వాటాలు ఒక పూర్తి వేట కాలం పాటు సేకరించాలి. చెల్లించవలసిన పరిహారం ఎంతో ఆ పట్టికలోనే తేలుతుంది.