తలుపు కోయించే ముందు



ముప్పదేళ్ళకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పిన నేను ఈసారి తలుపుల గూర్చి వ్రాస్తున్నానంటే చదువరులకు వింతగా తోచవచ్చు. పాత ఇళ్ళకు కొత్త నేల వేయించుకొనేవారు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వారిలో ఒక్కరైనా నేను చేసిన పొరపాటు చేయకుండా ఆగితే ఈ టపా సార్థకమైనట్లే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత నేల మీదనే కొత్త నేల పరచి, దానికి అడ్డం వచ్చిన తలుపును అడుగున కోసివేయడం సులభమైన పనే గాని మంచి పని కాదు. నేల అరంగుళం దాకా లేస్తే సరే, తలుపు సర్దుకొంటుంది. అంతకు మించితే తగ్గవలసింది తలుపు కాదు, నేల.

మా ఇల్లు 1966లో మా నాన్నగారు కట్టించినది. నేలకు నాపరాళ్ళు, తలుపులకు గోదావరి మన్యపు టేకు. లోపలి గదులకు ఆరు తలుపులు. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం. ఒక్కొక్కటి సుమారు నలభై కిలోలు ఉంటుంది. విప్పి మోయడానికి ఇద్దరు కావాలి. ఇంకొక విశేషం కూడా చెప్పాలి. సింహద్వారానికి తప్ప లోపలి ద్వారాలు వేటికీ నాన్నగారు గడప పెట్టించలేదు. ఆ రోజుల్లో అది ఎవరూ చేయని పని. వడ్రంగి అభ్యంతరం చెప్పినా వినలేదట. మా నాయనమ్మ అప్పటికే కాలు ఈడ్చి నడిచేది, అదీ కారణం.

2023లో నా శ్రీమతికి మోకాలి చిప్ప మార్చారు. నాపరాళ్ళు అరిగి, అతుకులు లేచి, ఒక రాయి ఎత్తు, ఒక రాయి పల్లంగా ఉండేవి. రెండుసార్లు ఆమె కాలు తట్టుకొన్నది. హైదరాబాదులో ఉండే మా అబ్బాయి, “నాన్నా, పాత రాళ్ళు కదపనక్కర లేదు, వాటి మీదనే టైల్స్ వేయించేద్దాం, వారంలో అయిపోతుంది” అన్నాడు. టైల్స్ మేస్త్రీ కూడా అదే మాట అన్నాడు. తలుపుల మాటేమిటని అడిగితే, “అది వడ్రంగి చూసుకొంటాడు లెండి, మాస్టారూ” అన్నాడు. నేను ఊరుకొన్నాను. మొదటి తప్పు అదే, అది నాదే.

2024 వేసవిలో పని మొదలైంది. శ్రీమతి పడుకొనే గదినే ముందు చేయించాం. తలుపు విప్పి గోడకు ఆనించారు. నాపరాళ్ళ మీద ఇసుక, సిమెంటు పరచి టైల్స్ వేశారు. అంతా కలిసి నేల ఒకటిముప్పావు అంగుళం లేచింది. తలుపు కింద ఉన్న సందు అరంగుళమే. మళ్ళీ బిగించబోతే తలుపు ద్వారబంధంలో నిలబడనే లేదు.

అప్పుడొక కుర్రవాడు మెషీన్ రంపంతో వచ్చాడు. నిజానికి కోయవలసినది అంగుళంన్నర. అతడు “మళ్ళీ రాకుండా” రెండు అంగుళాలు కోశాడు. రెండు నిమిషాల పని. టేకు పొట్టు వాసన వసారా అంతా నిండింది. నాకేదో తప్పు జరిగినట్టు అనిపించింది గాని, ఏమిటో తెలియలేదు.

తెలియజెప్పినవాడు నా పూర్వవిద్యార్థి. తండ్రి నుంచి వడ్రంగం నేర్చినవాడు, ఇప్పుడు యాభై దాటినవాడు. మిగిలిన తలుపులు విప్పడానికి పిలిపిస్తే, కోసిన తలుపును చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “మాస్టారూ, ఈ అడుగు పట్టీ ఎనిమిది అంగుళాలు. దీని కుసి నిలువు పట్టీలోకి దూరి ఉంటుంది. అంగుళం దాకా చిత్రిక పట్టవచ్చు. రెండు అంగుళాలు పోతే కుసి కూడా తెగుతుంది. ఇక ఈ మూల పట్టు పోయినట్టే.” ఆ వర్షాకాలంలో అతడన్నట్టే ఆ మూల కదిలింది.

నేను పిల్లలకు ఉత్వసంధి చెప్పేటప్పుడు, రెండు స్వరాలు కలిసినచోట ముందున్నది లోపిస్తుంది, వెనుక వచ్చినది నిలుస్తుంది అనేవాణ్ణి. మన ఇళ్ళలో జరుగుతున్నదీ అదే. ముందునుంచి ఉన్నది తలుపు, తరువాత వచ్చినది టైలు. కనుక తలుపే లోపిస్తున్నది. కాని అన్ని సంధులూ నిత్యం కావు గదా! ఇత్వసంధి వైకల్పికం. ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనీ అనవచ్చు. లోపం చేయకుండా కుదిరే మార్గం ఉన్నదేమో చూడకుండానే లోపం చేయడం నాబోటి వాడికి తగని పని.

ఆ మార్గాన్ని ఆ వడ్రంగే చెప్పాడు. తక్కిన గదులలో నాపరాళ్ళు పెకలించి, ఆ ఖాళీలోనే టైల్స్ వేయమన్నాడు. తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. దుమ్ము పుస్తకాల బీరువాలలోకి కూడా దూరింది. కూలీ ఖర్చు పెరిగింది. అయితే నేల పాత మట్టానికే వచ్చింది. అయిదు తలుపులలో నాలుగింటిని ముట్టుకోనవసరం లేకపోయింది. ఒక్కదానికి మాత్రం పావు అంగుళం చిత్రిక పట్టారు.

ఆ ఒక్కటీ అతడు ఎలా చేశాడో చెప్పడం మీకు ఉపయోగం. తలుపు అడుగున చెక్క ముక్కలు దోపి బరువు నిలిపాడు. బందుల మరల గాళ్ళలోని పాత రంగు గీకి, అడుగు బందు ముందు, పై బందు చివర విప్పాడు. బిగించేటప్పుడు పైది ముందు. గీత గీయడానికి కొలబద్దను నమ్మలేదు. టైలు ముక్క మీద పలుచని అట్ట పెట్టి, తలుపు మూసినచోట, సగం తెరిచినచోట, పూర్తిగా తెరిచినచోట మూడుసార్లు గుర్తు పెట్టాడు. నేల అంతటా ఒకే మట్టంలో ఉండదు గనుక. చిత్రికను రెండు అంచుల నుంచి మధ్యకు పట్టాడు. లోపలినుంచి బయటికి తోస్తే అంచు చీలుతుందట. ఆఖరున కొత్తగా తేలిన అడుగుకు రెండు పూతలు వార్నిషు వేశాడు. ఇల్లు తుడిచిన నీరు పీల్చేది ఆ అడుగే. పైకి కనబడదని దానిని వదిలివేస్తే కొన్నేళ్ళకు తలుపు కిందినుంచి పుచ్చిపోతుంది. మెషీన్ రంపంతో వచ్చిన కుర్రవాడు ఆ పని చేయలేదు.

నా మాటకు ఎదురు చెప్పేవారు ఉంటారు. అందరూ నేల తవ్వించగలరా అంటారు. నిజమే. అపార్టుమెంటులో సమ్మెటతో కొడితే కింది ఇంటివారు ఊరుకోరు. అయితే అక్కడే ఇంకొక చిక్కు ఉంది. ఒకటిన్నర అంగుళాల సిమెంటు పరుపు, దాని మీద టైలు కలిస్తే చదరపు మీటరుకు వంద కిలోల దాకా బరువు పెరుగుతుంది. పై అంతస్తులలో అది తేలికగా తీసుకోదగినది కాదు. పాత నేల గట్టిగా, సమంగా ఉన్నట్లయితే జిగురుతో అతికించే టైల్స్ ఉన్నాయి. అవి జిగురుతో కలిపి అరంగుళం దాటవు. అప్పుడు తలుపుకు కొద్దిగా చిత్రిక పడితే సరిపోతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు. నేల వేసేవాడు తలుపు చూడడు, తలుపు కోసేవాడు నేల చూడడు. రెండూ చూడవలసినవాడు ఇంటి యజమాని. మొదటి టైలు పరచకముందే ప్రతి తలుపు కిందా సందు కొలిచి కాగితం మీద వ్రాసుకొని, మేస్త్రీని, వడ్రంగిని ఒకేసారి పిలిపించి కూర్చోబెట్టండి. అంతకు మించిన విద్య ఇందులో లేదు.

నేను అలా చేయలేదు. ఫలితం ఇప్పుడు చెబుతాను. తలుపు కింద ముప్పావు అంగుళం సందు మిగిలింది, బల్లులు దూరుతున్నాయి. అది పెద్ద బాధ కాదు. ఇల్లంతా ఒక మట్టంలో ఉన్నది, ఆ ఒక్క గది ఒకటిముప్పావు అంగుళం ఎత్తులో ఉన్నది. వాలుగా సిమెంటు చేయిద్దామంటే, అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల వాలు ఉండాలి, అంటే ఇరవైఒక్క అంగుళాలు నడవలోకి వస్తుంది. నడవ వెడల్పే మూడున్నర అడుగులు.

ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే, శ్రీమతి మంచినీళ్ళ చెంబుతో ఆ ద్వారం దగ్గర ఆగి, ద్వారబంధం పట్టుకొని, ఒక కాలు పెట్టి, రెండవ కాలు నిదానంగా ఎత్తుతున్నది. “రోజూ ఇలాగేనా?” అని అడిగాను. “అలవాటైపోయింది లెండి” అన్నది. ఆమె కాలికోసం మొదలుపెట్టిన పని అది. మా నాన్నగారు తల్లికోసం పెట్టించని గడపను, అరవై ఏళ్ళ తరువాత నేను డబ్బిచ్చి పెట్టించాను.

కోసిన ముక్క అటక మీద భద్రంగా ఉన్నది. జిగురు, కొయ్య చీలలతో మళ్ళీ అతికించవచ్చునని, అతుకు గీత మాత్రం కనబడుతుందని నా శిష్యుడు అన్నాడు. కనబడనీ. వచ్చే వేసవిలో ఆ గది తవ్విస్తున్నాను.